వెల గల చెట్టు, వెల లేని కోతి

గత సంవత్సరం మన కళాశాల వక్తృత్వ సంఘంలో "అడవికి చెట్టు ముఖ్యమా, జంతువు ముఖ్యమా?" అను అంశంపై చర్చ జరిగినది. ఉభయ పక్షాలవారూ చక్కగానే మాట్లాడారు. సభ ముగియబోతున్న సమయంలో వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థి లేచి ఇలా అడిగాడు: "అయ్యా, కేరళలో ఒక కోతి కోసం ఆనకట్టనే ఆపివేశారట గదా! మన కడప కొండలలో ఎర్రచందనాన్ని రాత్రికి రాత్రి నరికి మోసుకుపోతుంటే మనలో ఒక్కరికైనా నిద్ర చెడినదా?" సభలో నవ్వులు వినిపించాయి. సమాధానం చెప్పవలసిన అధ్యాపకులలో నేనూ ఒకడిని. కాలాతీతమైనదన్న నెపంతో ఆనాడు తప్పించుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. ఈ వ్యాసం ఆ విద్యార్థికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం. దీనితో ఏకీభవించని వారుంటే వారి వాదం వచ్చే సంచికలో చదువుకోవాలని నా కోరిక.

ముందుగా ఆ ఇద్దరినీ పరిచయం చేస్తాను. 'ఇద్దరినీ' అని తెలిసే అన్నాను. ఒకటి ప్రాణి, రెండవది వస్తువు అన్న అభిప్రాయంతో మొదలుపెడితే తీర్పు ముందే చెప్పివేసినట్లవుతుంది.

సింహపుతోక కోతి పశ్చిమ కనుమలకే పరిమితమైన జీవి. కర్ణాటకలోని శరావతి లోయ ప్రాంతం నుండి తమిళనాడు దక్షిణపు కొసన ఉన్న కలక్కాడు కొండల వరకు, మధ్యలో కేరళ అడవులలోను తప్ప, ఇది ప్రపంచంలో మరెక్కడా సహజంగా జీవించదు. కన్నడిగులు సింగళీకమని, మలయాళీలు సింహవాలన్ అని పిలుస్తారు. ఒళ్లంతా నల్లన. ముఖం చుట్టూ వెండివంటి జూలు. తోక చివర సింహానికున్నట్లు చిన్న కుచ్చు. మన ఊళ్లలో ఇంటి కప్పులమీద తిరిగి పెరటిలోని వడియాలు ఎత్తుకుపోయే కోతికీ దీనికీ స్వభావంలో చాలా భేదమున్నది. ఇది నిత్యం వర్షాలు కురిసే పచ్చని అడవిలో, చెట్ల శిఖరాలమీదనే కాలం గడుపుతుంది. నేలమీదికి దిగుట అరుదు. ముండ్ల కాయలు కాచే కల్లీనియా అను వృక్షం దాని ముఖ్యమైన ఆహారాధారాలలో ఒకటి.

ఎర్రచందనం మన చెట్టు. శేషాచలం, వెలిగొండలు, లంకమల, పాలకొండలు, నల్లమల దక్షిణ భాగం, వీటికి ఆనుకొని తమిళనాడులో కొద్ది మేర: ఇంతే దాని సహజమైన ప్రపంచం. పలుగురాళ్ల నేలలో, వాన తక్కువైన కొండవాలులలో, వేసవిలో ఆకు రాల్చి నిలుస్తుంది. బెరడు మొసలి చర్మం వలె పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. వేసవి మొదట్లో పసుపుపచ్చని పూలు పూస్తుంది. శ్రీచందనం వలె దీనికి సువాసన లేదు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కూడ కావు. ఎర్రచందనం చిక్కుడు, కంది మొదలగువాటి కుటుంబంలోనిది. దాని చేవ ఎర్రగా, నీటిలో వేస్తే మునిగిపోయేటంత బరువుగా ఉంటుంది. బొమ్మల కొలువులో నిలిపే మరపాచి బొమ్మలు ఈ కొయ్యతో చెక్కినవే. ఆయుర్వేదులు రక్తచందనమని, యునానీ హకీములు సందల్ సుర్ఖ్ అని దీనిని ఎరుగుదురు. ఈ పత్రిక రెండు భాషలలోను దానికి పేరున్నదన్నమాట.

ఈ కోతి ఆ చెట్టును ఎన్నడూ చూచి ఉండదు. ఒకటి తడి అడవి బిడ్డ, మరొకటి ఎండు కొండ బిడ్డ. అయినను వాటి జాతకాలు విచిత్రంగా కలుస్తాయి. రెండూ దక్షిణ భారతదేశపు కొండలలో ఒక ఇరుకైన పట్టీకి పరిమితమైనవి. అక్కడ పోతే ఇక ఎక్కడా లేనట్లే. రెండింటికీ తొందర తెలియదు. ఆడకోతి కాన్పుకొక్క పిల్లనే కంటుంది. మరల కనడానికి రెండున్నర మూడు సంవత్సరాలు పడుతుంది. ఎర్రచందనం చేవ దేరడానికి దశాబ్దాలు కావాలి. ఒక మనిషి యౌవనంలో విత్తు నాటితే, దాని చేవను వృద్ధాప్యంలో చూడవలసిందే. ఇట్టి నిదానమైన జీవాలకు కలిగిన నష్టం త్వరగా పూడదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారి జాబితాలో నేడు రెండూ అపాయంలో ఉన్న జాతులే. వయసు వచ్చిన సింహపుతోక కోతులు 2,500 లోపేనని ఆ సంఘం 2020లో అంచనా వేసినది. ఎర్రచందనాన్ని 1998లో అపాయ జాతిగా ప్రకటించి, 2018లో రెండు మెట్లు తగ్గించి, 2021లో తిరిగి అపాయ జాతిగానే లెక్కించారు.

పోలిక ఇంతవరకే. వాటి చరిత్రలు ఇక్కడినుండి వేరవుతాయి.

కేరళలోని పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ అను లోయ ఉన్నది. కుంతిపుళ నది ఆ లోయలో ప్రవహిస్తుంది. దానిపై ఆనకట్ట కట్టి 120 మెగావాట్ల విద్యుత్తు తీయాలన్న పథకానికి 1973లో ప్రణాళికా సంఘం ఆమోదం లభించినది. కట్టితే సుమారు 830 హెక్టార్ల అడవి మునిగిపోయేది. అదే దశాబ్దంలో స్టీవెన్ గ్రీన్ మొదలైన శాస్త్రజ్ఞులు సింహపుతోక కోతి స్థితిని పరిశీలించి హెచ్చరించారు. 1976లో జఫర్ ఫతేహల్లీ నాయకత్వాన ఏర్పడిన కార్యవర్గం పర్యావరణ ప్రశ్నను కేంద్రం ముందుంచినది. 1978లో సోవియట్ దేశపు అష్ఖాబాద్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మహాసభ ఈ కోతి రక్షణకై తీర్మానం చేసినది. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ లోయ పక్షాన గొంతెత్తారు. మలయాళ కవయిత్రి సుగతకుమారి కవులను, రచయితలను కదిలించారు.

విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసినది మరొకటున్నది. ఈ ఉద్యమాన్ని గ్రామగ్రామానికీ తీసుకొనిపోయినవారు మంత్రులు కారు, ధనికులు కారు. 1962లో ఏర్పడిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు సభ్యులు. వారిలో అధికులు బడిపంతుళ్లు, కళాశాల అధ్యాపకులు. వారి ముందువరుసలో నిలిచిన ఎం. కె. ప్రసాద్ వృక్షశాస్త్ర అధ్యాపకుడు. "కరెంటు ముఖ్యమా, కోతి ముఖ్యమా?" అని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. వారికి పరిషత్తు కోపంతో కాక లెక్కలతో సమాధానమిచ్చినది. విద్యుత్తు అవసరాన్ని ఇతర మార్గాలలో ఎట్లు తీర్చవచ్చునో చూపినది. ఎం. జి. కె. మీనన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం పరిశీలన అనంతరం 1983లో పథకాన్ని విరమించారు. 1984 నవంబరు 15న ఆ లోయను జాతీయ పార్కుగా ప్రకటించారు. దాని వైశాల్యం 89.52 చదరపు కిలోమీటర్లు.

కాబట్టి "కోతి కోసం ఆనకట్టను ఆపారు" అన్న మాట సగమే నిజం. ఆపినది అడవి కోసం. కోతి ఆ అడవికి ముఖమై నిలిచినది. నల్లని ముఖం చుట్టూ వెండి జూలుతో, పిల్లను పొట్టకు కరచుకొని చూచే తల్లి చిత్రం ఎవరి మనస్సునైనా కదలిస్తుంది. ఆ ముఖం వెనుక కల్లీనియా వృక్షాలు, నది, కప్పలు, పేరు తెలియని నాచుమొక్కలు అన్నీ రక్షణ పొందాయి.

ఇక మన చెట్టు చరిత్ర చూతాము. దానికి ముఖం లేదు. వెల ఉన్నది. ఆ వెలయే దానికి శత్రువైనది. జపానులో షామిసెన్ అను మూడు తంత్రుల వాద్యానికి, చైనాలో ఖరీదైన గృహోపకరణాలకు ఈ కొయ్య అంటే మోజు. ఏనుగు బ్రతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అని మన పెద్దలన్నారు. ఎర్రచందనానికి ఆ భాగ్యం కూడ లేదు. అది చస్తేనే వెయ్యి. నిలిచి ఉన్నంతకాలం దానిని పలుకరించేవాడు లేడు. సింహపుతోక కోతిని చంపి అమ్మబోతే కొనేవాడు అరుదు. అందుచేత అది 'వెల లేనిది' అయినది. మన భాషలో ఈ మాటకు రెండర్థాలున్నాయి గదా! విలువ కట్టరానిదానినీ వెలలేనిదనే అంటాము. కోతి మొదటి అర్థంలో వెలలేనిది కాబట్టే రెండవ అర్థంలోనూ వెలలేనిది కాగలిగినది. చెట్టుకు ఆ అవకాశమే లేకపోయినది.

చట్టాలు లేవని కాదు. అడవిలోని ఎర్రచందనాన్ని నరకడం, రవాణా చేయడం నేరాలు. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒడంబడిక రెండవ అనుబంధంలో ఈ చెట్టు 1995లో చేరినది. 2010లో శేషాచలం కొండలను జీవావరణ మండలిగా ప్రకటించారు. దొంగరవాణాను అరికట్టడానికి ప్రత్యేక కార్యదళమే ఉన్నది. అయినను గొడ్డలి ఆగలేదు. ఆగకపోగా నెత్తురు కలిసినది. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో విధి నిర్వహణలో ఉన్న ఇద్దరు అటవీ అధికారులను దుంగల దొంగలు చంపివేశారు. 2015 ఏప్రిల్ 7న అదే కొండలలో కార్యదళం కాల్పులలో 20 మంది మరణించారు. వారు తమిళనాడునుండి వచ్చిన కూలీలు. కార్యదళం ఆత్మరక్షణకై కాల్చినదా, లేక పట్టుకొని చంపినదా అను వివాదం చాలాకాలం నడచినది. ఆ వివాదాన్ని ఇక్కడ తీర్చడం నా పని కాదు. ఒక్క విషయం మాత్రం అందరికీ తెలిసినదే. కొండమీద మరణించేవాడు కూలివాడు, లేదా కావలివాడు. దుంగను ఓడకెక్కించి లాభం పొందేవాడు కొండ ఎక్కడు.

2021లో ఈ దొంగరవాణాను ఇతివృత్తంగా తీసుకొని 'పుష్ప' చలనచిత్రం వచ్చినది. దేశమంతటా ఆదరణ పొందినది. కథానాయకుని నడకను అనుకరించని పిల్లవాడు మన వీధులలో లేడు. కళను నేను తప్పుపట్టను. దొంగ కథ చెప్పడం లోకంలో కొత్త కాదు. నన్ను బాధించినది వేరు. అంతటి కథ మన చెట్టు చుట్టూ తిరిగినా, దాని పువ్వు ఏ రంగులో ఉంటుందో మన విద్యార్థులలో పదిమందికి తెలియదు. దుంగ తెలుసు, టన్ను ధర తెలుసు, లారీలో ఎట్లా దాస్తారో తెలుసు. చెట్టు తెలియదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట అను సామెత కాలక్రమాన ఇట్లు మారినదేమో!

ఇప్పుడు నా వాదానికి రాగల ఆక్షేపణలను విచారిస్తాను.

మొదటిది: "కోతికి నొప్పి తెలుస్తుంది, చెట్టుకు తెలియదు. కోతికి ప్రథమస్థానం ఇవ్వడం న్యాయమే గదా!" ఒక్కొక్క ప్రాణిని వేరువేరుగా తూచినప్పుడు ఇది న్యాయమే. గాయపడిన కోతి, నరికిన చెట్టు ఎదురైతే నేనూ కోతివద్దకే పరుగెత్తుతాను. జాతి అంతరించుట అనునది వేరొక ప్రశ్న. అక్కడ నొప్పి కొలబద్ద కాదు. తిరిగి రాకపోవడం కొలబద్ద. ఆ కొలతలో రెండూ సమానమే.

రెండవది బలమైనది: "చెట్టును నాటవచ్చును. పొలంలో ఎర్రచందనం పెంచుతున్న రైతులున్నారు. కోతిని నాటలేము గదా!" నిజమే. పట్టాభూములలో పెంచిన కొయ్య ఎగుమతికి 2019లో కేంద్రం దారి చూపినది. రైతుకు మేలు జరిగితే సంతోషమే. అంతేకాదు, చెట్టుకు కోతికి లేని ఒక వరమున్నది. నరికిన మొదలునుండి అది తిరిగి చిగురిస్తుంది. అగ్గి, గొడ్డలి, పశువు దాని జోలికి పోకుండా ఉంటే చాలు. అయితే పొలంలో వరుసలు తీర్చి నాటిన చెట్టు అడవి కాదు. సింహపుతోక కోతులను జంతుప్రదర్శనశాలలలో పెంచుతున్నారు, అక్కడ అవి పిల్లలను కూడ కంటున్నాయి. అంతమాత్రాన పశ్చిమ కనుమలు అక్కరలేదని ఎవరైనా అంటారా? తోటలోని ఎర్రచందనం బోనులోని కోతి వంటిది. ఆ జాతి మిగిలి ఉన్నదనడానికి అది సాక్ష్యమే. తన ఇంట బ్రతుకుతున్నదనడానికి సాక్ష్యం కాదు. కొండవాలున రెక్కలున్న కాయ గాలికి ఎగిరి, రాళ్లసందున పడి, ఎవరి సహాయమూ లేక మొలకెత్తినప్పుడే ఆ జాతి బ్రతికినట్లు.

మూడవది: "కోతి సురక్షితమైనది గదా, ఇక దాని మాట ఎందుకు?" ఇదియు పొరపాటే. సైలెంట్ వ్యాలీ దక్కినంతమాత్రాన ఆ జాతి కష్టాలు తీరలేదు. తమిళనాడులోని వాల్పారై ప్రాంతంలో తేయాకు తోటల మధ్య తునకలుగా మిగిలిన అడవులలో అవి జీవిస్తున్నాయి. ఒక తునకనుండి మరొకదానికి పోవడానికి నేలకు దిగి రోడ్డు దాటబోయి వాహనాల క్రింద పడి మరణిస్తున్నాయి. రోడ్డుకు అడ్డంగా చెట్టునుండి చెట్టుకు వ్రేలాడే వంతెనలు కట్టి వాటిని దాటించే ప్రయత్నం జరుగుతున్నది. పార్కు ప్రకటించడంతో పని ముగియదని, ఇంటిని ముక్కలు చేస్తే అందులోని జీవి మిగలదని ఈ ఉదాహరణ చెప్పుచున్నది.

నా సమాధాన సారాంశం ఇది. కోతిని మనం ఒక ఇంటి నివాసిగా చూచాము. కాబట్టి ఇంటినే కాపాడాము. ఎర్రచందనాన్ని ఒక ఖజానాలోని బంగారుకడ్డీగా చూస్తున్నాము. కాబట్టి కావలివాడిని పెట్టి ఊరుకున్నాము. ఖజానాకు కావలి చాలునేమో గాని, ఇంటికి చాలదు. ఇంటిని అందులోనివారు, ఇరుగుపొరుగువారు ప్రేమించాలి. దొంగకు కావలసినది దుంగ. ప్రభుత్వం పట్టుకొని వేలం వేసేదీ దుంగే. ఉభయుల దృష్టిలోనూ చెట్టు విలువ దాని చేవలోనే ఉన్నది. ఒకరిది నేరం, మరొకరిది చట్టం. ఆ భేదం చిన్నది కాదు, దానిని నేను చులకన చేయను. అయినను నిలిచి ఉన్న చెట్టుకు విలువ కట్టే మూడవ దృష్టి ఒకటి కావాలి. పశ్చిమ కనుమలకు ఆ దృష్టిని ఇచ్చినది అధ్యాపకులు, విద్యార్థులు, కవులు. మన కొండలకు దానిని ఎవరిస్తారు?

విద్యార్థి మిత్రులారా! మన ఊరికి మూడుదిక్కుల కొండలే. కేరళ పోనక్కరలేదు, ఉద్యమాలు లేవదీయనక్కరలేదు. మొదట ఆ చెట్టును ఎరుగుడు. మీలో కొండ అంచు గ్రామాలనుండి వచ్చినవారున్నారు. ఆ చెట్టును గురించి మీ ఇండ్లలో పెద్దలకు తెలిసినది తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి తీసుకొనిరండు. రాత్రికి ఇంత ఇస్తామని కూలికి పిలిచే మేస్త్రీలు మీ గ్రామాలకు వచ్చినప్పుడు, ఆ డబ్బు వెనుక జైలో, తూటాయో ఉన్నదని మీ తమ్ముళ్లకు చెప్పుడు. ఆ ఒక్క మాట ఒక చెట్టునే కాక ఒక కుటుంబాన్ని కాపాడగలదు.

కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే. ప్రతి సంవత్సరం వనమహోత్సవమునాడు గుంటలు తీస్తాము, ఫొటోలు తీస్తాము, వేసవికల్లా మొక్కలు ఎండిపోతాయి. ఈసారి నూరు మొక్కలు వద్దు. అటవీశాఖ వారి అనుమతితో ఒక్క ఎర్రచందనం మొక్కను ఆవరణలో నాటించండి. నీరు పోసే బాధ్యతను ఏటేటా ఒక తరగతికి అప్పగించండి. దానిప్రక్కన రెండు భాషలలోను ఒక బోర్డు పెట్టించండి. అందులో దాని పేరు, కుటుంబం, అది పూచే మాసం, అది సహజంగా పెరిగే కొండల పేర్లు ఉండాలి. దాని ధర మాత్రం ఉండరాదు.

ఆనాడు వెనుక బెంచీనుండి ప్రశ్న అడిగిన విద్యార్థి ఈ సంవత్సరం చదువు ముగించుకొని వెళ్లిపోతున్నాడు. మొదటి చెంబు నీళ్లు అతని చేత పోయిస్తే బాగుండునని నా అభిప్రాయం. చేవ దేరడం చూడడానికి అతడు ముప్పది, నలువది సంవత్సరాల తరువాత తన మనుమలతో తిరిగి రావచ్చును. అప్పటికి చెట్టు ఈ ఆవరణలో నిలిచి ఉండాలి. దానికంటె ముఖ్యంగా, దాని బంధువులు ఆ కొండమీద నిలిచి ఉండాలి.